కప్ప చర్మంలో దొరికిన మందు, కోళ్ళ దాణాలో పోగొట్టుకున్న మందు

మొండి సూక్ష్మజీవులను మట్టుబెట్టే కొత్త పదార్థం దొరికిందన్న వార్త పత్రికలలో తరచు కనిపిస్తూనే ఉంటుంది. ఒకమారు కప్ప చర్మం నుండి, మరొకమారు తేలు విషం నుండి, ఇంకొకమారు మనిషి చెమట నుండి. వీటన్నిటికీ శాస్త్రజ్ఞులు పెట్టిన ఉమ్మడి పేరు యాంటీమైక్రోబియల్ పెప్టైడ్లు. సూక్ష్మజీవనాశక పెప్టైడ్లు అని మనం చెప్పుకోవచ్చు. యాంటీబయోటిక్ మందులకు లొంగని బాక్టీరియాను, అది జిగట పొర కట్టుకుని దాగి ఉన్నప్పుడు సైతం, ఇవి చంపగలవని ప్రయోగశాలలు చెబుతున్నాయి. ఆ మాట అబద్ధం కాదు. అయితే పత్రికలకెక్కుతున్నది సగం కథ మాత్రమే. తక్కిన సగం మన ఊళ్ళ కోళ్ళఫారాలలోనూ, మందుల షాపులలోనూ ఉంది.

ఈ అన్వేషణ ఇంత ముమ్మరంగా ఎందుకు సాగుతున్నదో తెలియడానికి ఒక లెక్క చాలు. మందులకు లొంగని బాక్టీరియా కారణంగా 2019 సంవత్సరంలో ప్రపంచవ్యాప్తంగా సుమారు 12 లక్షల 70 వేల మంది మరణించారని లాన్సెట్ వైద్యపత్రిక 2022లో ప్రకటించిన అధ్యయనం తేల్చింది. ఆ ఏడాది ఎయిడ్స్ వలన గానీ, మలేరియా వలన గానీ సంభవించిన మరణాల కంటె ఇది ఎక్కువ. పరిస్థితి ఇలాగే కొనసాగితే 2025 నుండి 2050 వరకు 3 కోట్ల 90 లక్షల మంది దీనికి బలి కాగలరని 2024లో వెలువడిన మరొక అంచనా. అందులో కోటికి పైగా మరణాలు మన దక్షిణాసియాలోనే.

బాక్టీరియా అనగానే పాఠ్యపుస్తకంలోని బొమ్మ మన కళ్ళ ముందు మెదులుతుంది. విడివిడిగా ఈదే కడ్డీలు, గుండ్రని చుక్కలు. వాస్తవానికి అవి ఒంటరిగా తిరగడం కంటె ఒకచోట అతుక్కుని గుంపుగా కాపురముండడానికే మొగ్గు చూపుతాయి. నీళ్ళ తొట్టె అడుగున వేలికి తగిలే జిగురు, తెల్లవారి లేవగానే పళ్ళ మీద నాలుకకు తగిలే పొర అటువంటి కాపురాలే. దీనిని ఆంగ్లంలో బయోఫిల్మ్ అంటారు. దీనికి తెలుగులో మాట లేదని ఒక పుస్తకంలో చదివి నవ్వుకున్నాను. పాచి అనే చక్కని మాట ఉండగా లేదనడమేమిటి? కన్నడంలోనూ పాచియే, తమిళంలో పాసి. మూడు భాషల మధ్య పుట్టి పెరిగిన మన పిల్లలకు ఏ బడిలో చెప్పినా అర్థమయ్యే మాట అది. చెరువు మెట్టు మీది జారుడును, పంటి మీది పొరను ఒకే మాటతో పిలిచిన మన పూర్వులకు సూక్ష్మదర్శిని లేదు. హాలెండు దేశస్థుడు లేవెన్‌హుక్‌కు అది ఉంది. ఆయన తన పళ్ళ పాచిని గీకి చూసి, అందులో చిన్న చిన్న జంతువులు చురుకుగా కదులుతున్నాయని 1683లో జాబు రాశాడు.

ఈ పాచి కేవలం మురికి కాదు. చక్కెర జాతి పదార్థాలు, మాంసకృత్తులు, చచ్చిన కణాల నుండి జారిన జన్యుపదార్థం కలిపి బాక్టీరియా తామే కట్టుకునే ఇల్లు. చక్కెరవ్యాధి రోగి కాలి పుండులో, మంచం పట్టిన వారి మూత్రపు గొట్టం లోపల, విరిగిన ఎముకకు వేసిన ప్లేటు మీద, పొదుగువాపు పదేపదే తిరగబెట్టే ఆవు పొదుగులో ఇటువంటి ఇళ్ళు వెలుస్తాయి. విడిగా తిరిగే బాక్టీరియాను చంపే మోతాదు ఇక్కడ చాలదు. కొన్ని సందర్భాలలో వెయ్యి రెట్లు పెంచినా చాలకపోవచ్చు. జిగట పొర మందును అడ్డగించడం ఒక కారణం. అంతకంటె ముఖ్యమైనది మరొకటి ఉంది. లోపలి అరలలోని బాక్టీరియాకు ఆహారం, ప్రాణవాయువు సరిగా అందక అవి దాదాపు నిద్రావస్థలో ఉంటాయి. మన యాంటీబయోటిక్ మందులలో అధికభాగం ఎదుగుతున్న బాక్టీరియాను మాత్రమే దెబ్బతీయగలవు. గోడ కట్టుకుంటున్నప్పుడు ఆ గోడను పాడుచేయడం వాటి పద్ధతి. పని మానుకుని పడుకున్న దానిని అవి ఏమీ చేయలేవు. మందు ఆపగానే ఆ పడుకున్నవి లేస్తాయి. పుట్ట మీద కొడితే లోపలి పాము చావదని మన పెద్దలు అంటారు. నెల తిరగకుండా మళ్ళీ అదే జ్వరం, అదే చీము ఎందుకు వస్తున్నదో చెప్పడానికి ఇంతకంటె మంచి పోలిక నాకు దొరకలేదు.

పెప్టైడ్ల మీద ఆశ పెట్టుకోవడానికి కారణం సరిగ్గా ఇక్కడే ఉంది. పెప్టైడు అంటే మాంసకృత్తులోని పూసలే, కాని పొట్టి దండ. మాంసకృత్తులో వందల అమైనో ఆమ్లాలు ఉంటే, వీటిలో సాధారణంగా పది మొదలు యాభై వరకు ఉంటాయి. చాలావరకు ఇవి ధనావేశం గలవి. బాక్టీరియా పైపొర ఋణావేశం గలది. మన శరీర కణాల పైపొరకు వెలుపలి వైపు అంత ఆవేశం ఉండదు. అందువలన పెప్టైడు మన కణాన్ని వదిలి బాక్టీరియాకు అంటుకుంటుంది, దాని పొరను చీల్చి రంధ్రాలు చేస్తుంది. పొర నిద్రపోదు కదా. కాబట్టి లోపలిది ఎదుగుతున్నా, పడుకుని ఉన్నా దెబ్బ తగులుతుంది. మరికొన్ని పెప్టైడ్లు పాచి కట్టమని బాక్టీరియా లోపల వెలువడే సంకేతాన్నే తుడిచివేస్తాయి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో రాబర్ట్ హేంకాక్ బృందం 2014లో ప్రకటించిన 1018 అనే పెప్టైడు ఈ రెండవ కోవకు చెందినది. పన్నెండు అమైనో ఆమ్లాల ఈ చిన్న దండ పలు జాతుల బాక్టీరియా కట్టిన పాచిని ప్రయోగశాలలో కరిగించగలిగింది.

ఇవి మనిషి కల్పించినవి కావు. స్వీడన్ శాస్త్రజ్ఞుడు హాన్స్ బోమన్ సిక్రోపియా అనే అడవి పట్టుచిలుక ప్యూపాలలోకి బాక్టీరియాను ఎక్కించి, అవి తమను తాము ఎలా కాపాడుకుంటున్నాయో పరిశీలించి, సిక్రోపిన్ అనే పెప్టైడ్ల నిర్మాణాన్ని 1981లో వెల్లడించాడు. కోలారు, హోసూరు, హిందూపురం ప్రాంతాలలో మనం మల్బరీ ఆకు వేసి పెంచే పట్టుపురుగులో కూడా ఈ కుటుంబపు పెప్టైడ్లు ఉన్నాయి. అమెరికాలో మైకేల్ జాస్లాఫ్ ఆఫ్రికా జాతి కప్పలకు శస్త్రచికిత్స చేసి, కుట్లు వేసి, మురికినీటి తొట్టెలో వదిలినా వాటి గాయాలు చీము పట్టకుండా మానడం గమనించాడు. ఆ కప్ప చర్మంలోని రక్షక పదార్థాలను 1987లో బయటపెట్టి, హీబ్రూ భాషలో డాలు అనే అర్థం వచ్చేలా మాగైనిన్లు అని పేరు పెట్టాడు. మన తెల్ల రక్తకణాలలో, చర్మంలో ఇటువంటివే ఉన్నాయి. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. పరిశోధకులు కూడా దశాబ్దాలుగా ఈ పెప్టైడ్లను అధ్యయనం చేస్తున్నారు.

కప్ప నుండి మందుల షాపు దాకా ఉన్న దారి మాత్రం దీర్ఘమైనది. మాగైనిన్‌ను కొద్దిగా మార్చి పెక్సిగానాన్ అనే లేపనాన్ని తయారుచేశారు. చక్కెరవ్యాధి వారి కాలి పుండ్ల కోసమే దానిని ఉద్దేశించారు. ఇప్పటికే వాడుకలో ఉన్న చికిత్స కంటె మేలైనదని రుజువు కాలేదని 1999లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి నిరాకరించింది. పట్టు విడవక మళ్ళీ రెండు పెద్ద పరీక్షలు జరిపారు. 2016లో వాటి ఫలితం వచ్చింది. మందు లేని ఉత్త లేపనం కంటె ఇది గొప్పగా పనిచేయలేదు. గాజుపళ్ళెంలో బాక్టీరియాను చీల్చి చెండాడిన పదార్థం మనిషి పుండులోకి రాగానే వెనుకంజ వేయడానికి కారణాలు లేకపోలేదు. పుండులోని రసాలు పెప్టైడును ముక్కలు చేస్తాయి. అక్కడి ఉప్పు దాని ఆవేశపు పట్టును సడలిస్తుంది. మోతాదు పెంచితే మన కణాలకే చేటు. తయారీ ఖర్చు సంగతి సరేసరి.

కాబట్టి మధుమేహ రోగి ఇంటివారు తెలుసుకోవలసినది ఇది. కాలి పుండులోని పాచికి నేటికీ మొదటి చికిత్స శుభ్రపరచడమే. చచ్చిన కండను వైద్యుడు తొలగించాలి, కట్టు మార్చాలి, ఆ కాలిపై బరువు పడకుండా చూడాలి, రక్తంలో చక్కెర అదుపులో ఉండాలి. మాత్రలు ఆ తరువాతి మాట. పళ్ళ పాచికి మందు మింగం, తోముతాం. ఇదీ అంతే.

ఇక రెండవ సగం కథకు వస్తాను. పెప్టైడ్ మందులు ఎక్కడో భవిష్యత్తులో రాబోతున్నవని అనుకోవడం పొరపాటు. దెబ్బ తగిలితే మన ఇళ్ళలో చల్లే నియోస్పోరిన్ పొడిలో ఉన్న పాలిమిక్సిన్ బి, బ్యాసిట్రాసిన్ రెండూ బాక్టీరియా నుండి తీసిన పెప్టైడ్లే. ఆ పాలిమిక్సిన్‌కు తోబుట్టువు కోలిస్టిన్. జపానులో 1940ల చివర మట్టిలోని బాక్టీరియా నుండి దీనిని వేరుచేశారు. ధనావేశంతో బాక్టీరియా పైపొరను పట్టి చీల్చడమే దీని పని కూడా. మూత్రపిండాలకు హాని చేస్తున్నదని 1970ల నాటికి వైద్యులు దీనిని దాదాపు మూలన పెట్టారు. మనుషులకు పనికిరాదన్న మందు చవకగా దొరుకుతుంటే పశువుల వైద్యం దానిని అందిపుచ్చుకుంది. కోళ్ళకు, పందులకు జబ్బు చేసినప్పుడే కాదు, జబ్బు రాకముందే, బరువు త్వరగా పెరగడానికి సైతం దాణాలో కలపడం చాలా దేశాలలో అలవాటయింది. మన దేశమూ అందుకు మినహాయింపు కాదు.

ఇంతలో ఆసుపత్రులలో పరిస్థితి తలక్రిందులయింది. క్లెబ్సియెల్లా, ఎసినెటోబాక్టర్ వంటి బాక్టీరియా అత్యంత శక్తిమంతమైన కార్బపెనెమ్ మందులకు కూడా లొంగకుండా పోయిన తరువాత, మూలన పడ్డ కోలిస్టిన్‌ను దుమ్ము దులిపి మళ్ళీ తీయవలసి వచ్చింది. మూత్రపిండాలు దెబ్బతింటే తినవచ్చు, ముందు ప్రాణం దక్కాలి కదా అన్న స్థితి. అత్యవసర విభాగంలో వైద్యుడికి మిగిలిన చివరి ఆయుధాలలో అది ఒకటయింది. అదే సమయంలో లక్షల కోళ్ళు దానిని రోజూ తింటున్నాయి.

2015 నవంబరులో చైనా శాస్త్రజ్ఞులు ఒక జన్యువును ప్రకటించారు. దాని పేరు ఎం.సి.ఆర్-1. అది ఉన్న బాక్టీరియా తన పైపొరకు ఒక చిన్న రసాయన అతుకు వేసుకుని ఋణావేశాన్ని తగ్గించుకుంటుంది. ఇక కోలిస్టిన్‌కు పట్టు దొరకదు. పందులలో, అంగడిలోని మాంసంలో, ఆసుపత్రి రోగులలో ఈ జన్యువు కనబడింది. ప్రపంచాన్ని కలవరపరచినది అది ఉండడం కాదు, అది ఉన్న చోటు. ఒక బాక్టీరియా నుండి మరొకదానికి చేతులు మారగల చిన్న జన్యువలయం మీద అది కూర్చుని ఉంది. జాతి వేరైనా సరే, పక్కనున్న బాక్టీరియాకు దానిని అందించవచ్చు. పాచి లోపల ఒకదానినొకటి ఆనుకుని ఉన్న బాక్టీరియాకు ఇది మరింత సులువు. పెప్టైడ్లకు బాక్టీరియా ఎదురు నిలవడం బహు కష్టమని అంతకుముందు చాలామంది ధీమాగా అనేవారు. ఒక్క పెప్టైడును టన్నుల కొద్దీ దాణాలో పోస్తే ఆ కష్టాన్ని బాక్టీరియా ఎలా దాటగలదో లోకమంతా చూసింది.

చైనా 2017లో దాణాలో బరువు కోసం కోలిస్టిన్ కలపడం మాన్పించింది. తరువాతి సంవత్సరాలలో అక్కడి పశువులలోనూ, మనుషులలోనూ కోలిస్టిన్‌కు లొంగని బాక్టీరియా గణనీయంగా తగ్గిందని అధ్యయనాలు వెలువడ్డాయి. భారత ప్రభుత్వ ఆరోగ్య మంత్రిత్వశాఖ 2019 జూలైలో ఇంకా గట్టి ఉత్తర్వు ఇచ్చింది. ఆహారం కోసం పెంచే జంతువులకు, కోళ్ళకు, చేపలు రొయ్యల చెరువులకు, దాణాలో కలిపే మిశ్రమాలకు కోలిస్టిన్ తయారీ, అమ్మకం, పంపిణీ నిషిద్ధమని ప్రకటించింది. ఇది మంచి నిర్ణయం, ఆలస్యంగా వచ్చినప్పటికీ.

ఈ విషయంలో కోళ్ళరైతును దోషిగా నిలబెట్టడం నాకు సమ్మతం కాదు. మన వైపు చిన్న ఫారాలలో చాలాభాగం ఒప్పందపు పెంపకమే. పిల్లలు కంపెనీవి, దాణా కంపెనీది, మందులు కంపెనీవి. రైతుది షెడ్డు, కరెంటు బిల్లు, రాత్రి నిద్ర. దాణా సంచిలో ఏమి కలిపారో అతనికి చెప్పేవారు లేరు. ఉత్తర్వు నిజంగా అమలు కావాలంటే తనిఖీ జరగవలసినది దాణా మిల్లు దగ్గర, మందుల టోకు వ్యాపారి దగ్గర. షెడ్డులో రైతును పట్టుకుంటే ఫోటోకు బాగుంటుంది, ఫలితం ఉండదు. పాడి రైతు సంగతి కొంత వేరు. పొదుగువాపుకు చనులో ఎక్కించే ట్యూబు మీద ఎన్ని రోజులు పాలు పోయరాదో రాసి ఉంటుంది. ఆ రోజుల పాల నష్టం భరించలేక డెయిరీ కేంద్రానికి పోసేవారు ఉన్నారు. దానిని సమర్థించలేము. అయితే ఆ నష్టానికి పరిహారం ఇచ్చే ఏర్పాటు ఉంటే మాట వేరుగా ఉండేది.

సరిహద్దున ఉన్న మనకు దీనిలో ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. హోసూరు పరిసరాల మనిషి జ్వరానికి వీధి చివరి షాపులో మందు కొంటాడు. ఆపరేషనుకు బెంగళూరు, చుట్టాలున్నారని కుప్పం, మరీ పెద్ద జబ్బయితే వేలూరు. మూడు రాష్ట్రాలు, మూడు లిపులు. ఏ ఆసుపత్రిలో ఏ యాంటీబయోటిక్ ఎక్కించారో తరువాతి ఆసుపత్రికి తెలియదు. మా పక్క వీధిలో పక్షవాతంతో మంచం పట్టిన ఒక పెద్దాయనకు నాలుగు నెలలలో మూడుసార్లు చలిజ్వరం వచ్చింది. మొదటిసారి పాత చీటీతో సరిహద్దు అవతల షాపులో మందు కొన్నారు. రెండవసారి ఇవతల ఒక క్లినిక్కులో సూదులు వేయించారు. మూత్రపు గొట్టం వేసిన ఆసుపత్రి దానిని ఎప్పుడు మార్చాలో కాగితంలో రాయనే లేదు. మూడవసారి చూసిన డాక్టరమ్మ ముందుగా ఆ గొట్టం తీయించింది, కొత్తది వేసి మూత్రాన్ని కల్చర్ పరీక్షకు పంపింది. అంతకుముందు వాడిన రెండు మందులకూ ఆ బాక్టీరియా లొంగదని తేలింది. లొంగే మందు పాతది, చవకది. గొట్టం లోపల పాచి అలాగే ఉండగా ఎన్ని సూదులు వేస్తే ఏమి లాభం?

చట్టం లేక కాదు. 2014 మార్చి నుండి షెడ్యూల్ హెచ్-1 అమలులో ఉంది. దాని జాబితాలోని యాంటీబయోటిక్ మందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదు. అమ్మితే డాక్టరు పేరు, రోగి పేరు, మందు పరిమాణం ప్రత్యేక పుస్తకంలో రాసి మూడేళ్ళు భద్రపరచాలి. చీటీ ఉంటేనే వాడవలసిన మందు అట్ట మీది ఎర్రగీతను గుర్తించమని 2016లో కేంద్రప్రభుత్వం ప్రచారం కూడా చేసింది. చట్టం దేశమంతటికీ ఒకటే, అమలు మాత్రం ఏ రాష్ట్రపు ఔషధ నియంత్రణ శాఖది ఆ రాష్ట్రంలోనే. ఒకవైపు బిగించి మరొకవైపు వదిలితే, పది నిమిషాల ప్రయాణంలో కావలసిన మాత్ర దొరికే ఊళ్ళు మనవి. కేరళ ప్రభుత్వం 2024 జనవరిలో ఆపరేషన్ అమృత్ పేరిట చీటీ లేకుండా యాంటీబయోటిక్ అమ్మే షాపుల మీద ఆకస్మిక తనిఖీలు మొదలుపెట్టింది. అటువంటిది కృష్ణగిరి, చిత్తూరు, కోలారు జిల్లాల అధికారులు ఒకే వారంలో కలిసి చేస్తే తప్ప మన వద్ద ప్రయోజనం ఉండదని నా అభిప్రాయం. కల్లు, సారా రవాణాకు ఉమ్మడి తనిఖీలు చేయగలిగినవారు మందులకు చేయలేరా?

ఇంటివారు చేయగలిగినది కొంత ఉంది. జ్వరం తిరగబెట్టినప్పుడు, పుండు మూడు నాలుగు వారాలైనా మానకపోతే, కల్చర్ పరీక్ష అవసరమా అని వైద్యుణ్ణి అడగవచ్చు. ఫలితానికి రెండు మూడు రోజులు పడుతుంది, ఓపిక పట్టాలి. ఏ రాష్ట్రంలో చూపించుకున్నా డిశ్చార్జి కాగితం, కల్చర్ కాగితం, వాడిన మందుల అట్టలు ఒకే సంచిలో దాచి తరువాతి డాక్టరుకు చూపితే ఆయన పని సగం తేలిక. గొట్టం వేసి ఇంటికి పంపుతుంటే మార్చవలసిన తేదీ రాసి ఇమ్మని అడిగి తీసుకోవాలి.

పాచిని ఛేదించే పెప్టైడు రేపు నిజంగా వస్తే మొదట మాత్రగా కాక, మూత్రపు గొట్టాలకు పూసే పూతగానో, పుండు మీద వేసే కట్టుగానో రావచ్చు. రక్తంలోకి ఎక్కించడం కంటె అది సులభమని పరిశోధకులు అటువైపే ఎక్కువగా దృష్టి పెట్టారు. అది వచ్చిన నాడు పశువుల దాణాకు దానిని మొదటి రోజు నుండే దూరంగా ఉంచే నిబంధన ముందుగా సిద్ధమై ఉందా అన్నది అడగవలసిన ప్రశ్న. కోలిస్టిన్ విషయంలో ఆ నిబంధన రావడానికి అరవై ఏళ్ళు పట్టింది.

ఆ 2019 ఉత్తర్వు ప్రకారం కోలిస్టిన్ పెట్టె మీద, లోపలి కాగితంలో, ఆహార జంతువులకు వాడరాదన్న వాక్యం ముద్రించాలి. మన దేశంలో మందుల పెట్టెల మీద ఇటువంటి హెచ్చరికలు అచ్చవుతున్నది ప్రధానంగా ఆంగ్లంలో. మన పశువైద్యశాలల గోడల మీద, పాల కేంద్రాల దగ్గర అదే వాక్యాన్ని తెలుగులోనూ, ఆ ఊరి రాష్ట్రభాషలోనూ రాయించడానికి ఒక డబ్బా రంగు సరిపోతుంది. పంచాయతీ వారు ముందుకు వస్తే రెండు లిపులలో వాక్యం రాసి ఇవ్వడానికి బడిలో మేము ఉన్నాము.